పెద్దమ్మ కూర్చున్న లైటు

అతని అసలు పేరు వాళ్ళమ్మకీ, లైసెన్సు కాగితానికీ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరూ అతన్ని పట్టపగలు అనే పిలిచేవారు. కారణం అతని బండి. వెనక సామాన్లు వేసుకునే తెరిచిన తొట్టి, ముందు ఇద్దరు పట్టే క్యాబిన్, ఆ క్యాబిన్ నెత్తిన అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, ఆ కడ్డీకి వరసగా ఆరు లైట్లు. ఒక్కోటీ పళ్ళెమంత.

ఆ ఆరూ వెలిగించుకుని తెల్లవారుజామున వీధి మలుపు తిరిగాడంటే, అప్పటికే కూసి కునుకు తీస్తున్న కోళ్ళు 'అయ్యో, ఇందాక తొందరపడ్డాం' అనుకుని మళ్ళీ లేచి మొదటినుంచీ కూసేవి. ఎదురింటావిడ తడిబట్టలు ఆరేస్తుంటే, రెండో చొక్కాకి క్లిప్పు పెట్టేలోపు మొదటి చొక్కా ఆరిపోయి ఇస్త్రీకి సిద్ధంగా ఉండేది. మెకానిక్ షెడ్డు వెనక కాపురముండే గుడ్లగూబ ఒకసారి ఆ వెలుగుకి ఎదురుపడి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచిందని చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.

బండితో పాటు కంపెనీవాళ్ళిచ్చిన లైట్లు కూడా ఉన్నాయి. మామూలు హెడ్‌లైట్లు రెండు. వాటికింద, బంపరు పక్కన, నేలకి జానెడు ఎత్తులో పసుప్పచ్చ ఫాగ్ లైట్లు రెండు. ఆ పసుప్పచ్చవాటిని అతను లైట్ల కిందే లెక్కేసేవాడు కాదు. "నేలచూపులు చూసే లైటు కూడా ఒక లైటేనా?" అనేవాడు. వాటిమీద మూడు వానాకాలాల బురద పొరలు పొరలుగా పేరుకుంది.

ఇంకో సంగతి. స్టీరింగు పక్కనున్న మీట కిందికి ఉంటే హెడ్‌లైట్లు కిందికి చూస్తాయి. పైకెత్తితే హై బీమ్. మీట ఎత్తగానే నెత్తిమీది ఆరూ కూడా ఒక్కసారే భగ్గుమనేలా వైర్లు కలిపించాడు పట్టపగలు. ఆ మీట ఏడాది పొడుగునా పైకే ఉండేది. కిందికి దించడం మర్చిపోయిన మీట అది.

ఆ రోజు పొద్దున్నే అయిదింటికి ఆ బండి వాళ్ళ పిన్ని పెరట్లో ఆగి ఉంది. పిన్ని తేనెటీగలు పెంచుతుంది. నలభై పెట్టెలు. కొండ ఇవతలున్న ఇంటినుంచి కొండ అవతల ఆపిల్ తోటకి వాటిని చేర్చాలి. అక్కడ పూత విచ్చుకుంది. పూత ఉన్న పదిరోజులూ ఈగలకి పండగే పండగ.

పిన్ని చేతిలో టార్చి ఉంది. దాని మూతికి ఎర్ర కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసింది.

"ఇదేం లైటు పిన్నీ, జలుబు చేసినట్టుంది?" అన్నాడు పట్టపగలు.

"ఈగలకి ఎరుపు కనబడదురా. తెల్ల లైటు వేశానంటే పొలోమని దానిమీదకే వస్తాయి." పెట్టె పెట్టెకీ ద్వారం దగ్గర బిగించిన జాలీని వేలితో నొక్కి చూస్తోంది పిన్ని. "ఒరేయ్, నీకు ఇంకోసారి చెబుతున్నా. ఎండెక్కేలోపు ఇవి తోటలో దిగాలి. జాలీలు తీసేయాలి. మూసిన పెట్టెల్లో ఎండ తగిలితే లోపల ఉడికిపోతాయి."

"తెలుసు పిన్నీ."

"పోయినేడు ఆ లారీవాడు కూడా తెలుసనే అన్నాడు. దారిలో టీకని దిగి కబుర్లలో పడ్డాడు. యాభై ఒకటి బయల్దేరితే నలభై చేరాయి. పదకొండు పెట్టెలు నా చేత్తో నేనే ఊడ్చి పారబోశాను." పిన్ని ఇంకో జాలీ నొక్కి చూసింది. "ఈ నలభై కూడా పోతే ఇక నేను పెట్టెలు పెట్టను. ఒంట్లో ఓపిక లేదు. నువ్వు సొంత అక్క కొడుకువని నీ బండి ఎక్కిస్తున్నా."

పట్టపగలు ఛాతీ విరుచుకున్నాడు. "చూడు పిన్నీ, నీ ఈగలు నిద్రలేచేసరికి ముక్కు ముందు పువ్వుంటుంది. నాదీ పూచీ."

ఆఖరి పెట్టె పై వరసలో, సరిగ్గా క్యాబిన్ వెనకే పెట్టించింది పిన్ని. అది పెద్దమ్మ పెట్టె. పెద్దమ్మ అంటే అందులోని రాణి ఈగ. నలభైమంది రాణుల్లో వయసులో పెద్దది, బుద్ధిలో మొండిది. పిన్నికి దానిమీద కాస్త పక్షపాతం.

"జాగ్రత్తే పెద్దమ్మా. వీడు నా అక్క కొడుకు, మంచోడే. నోరే కొంచెం ఎక్కువ," అని పెట్టె మీద రెండుసార్లు తట్టి క్యాబిన్ ఎక్కింది.

కొండ సగం ఎక్కేసరికి పొగమంచు దిగింది. దిగిందంటే అలా ఇలా కాదు. మైలురాయి మీద కూర్చున్న కాకి ఎగరబోయి, రెక్కలకి మంచు అడ్డం పడి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పట్టపగలు కిటికీలోంచి చెయ్యి బయటపెడితే మోచేతి దాకే కనిపించింది. మిగతాది ఉందో లేదో వేళ్ళు ఆడించి చూసుకున్నాడు.

"నెమ్మదిగా పోరా," అంది పిన్ని.

"నా లైట్లున్నది ఎందుకు పిన్నీ?" అంటూ అతను మీట పైకెత్తే ఉందని చూసి తృప్తిపడ్డాడు. ఆరూ, రెండూ, మొత్తం ఎనిమిదీ మండుతున్నాయి. అద్దం ముందు మాత్రం తెల్లగా, పాలు పోసినట్టు, దారి అన్నదే లేదు.

"ఒరేయ్, ఆ పైవి ఆర్పు."

"ఆర్పితే చీకటి కదా!"

"పెట్టెలకి పొగ పడతాను కదా, ఆ పొగలో టార్చి కంటి దగ్గర పట్టుకుని వేస్తే ఏం కనబడుతుందో తెలుసా? పొగే. తెల్లగా మొహం మీదకొస్తుంది. టార్చి మోకాలి దగ్గరికి దించి వేస్తే పెట్టె కనబడుతుంది. మంచయినా అంతే."

"పిన్నీ, నువ్వు పొగడబ్బా పట్టుకుని ముప్ఫై ఏళ్ళు అయ్యుండొచ్చు. నేను స్టీరింగు పట్టుకుని పన్నెండేళ్ళు. పొగ వేరు, రోడ్డు వేరు."

పిన్ని కొంగు బిగించి కూర్చుంది.

పట్టపగలుకి లోపల్లోపల గుబులుగానే ఉంది. ఇంకేం వెలిగించాలా అని చూస్తే నాలుగు మూలలా టిక్కుటిక్కుమని కొట్టుకునే హెచ్చరిక లైట్లు మిగిలాయి. అవీ వేశాడు.

"అవెందుకురా? బండి చెడిపోయిందా?"

"మంచు కదా పిన్నీ, అందరూ వేస్తారు."

"ఆగిన బండికి కదరా అవి! నువ్వు నడుస్తూ వేస్తే వెనకొచ్చేవాడు ఆగిపోయావనుకుంటాడు. రేపు నిజంగా ఆగితే ఏం వేస్తావు?"

అతను వాటిని ఆర్పేశాడు. ఆ ఆర్పిన చెయ్యి ఇంకా స్టీరింగు మీదకి రాకముందే, ఎదురుగా గోడ! దారికి అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, సున్నం వేసిన తెల్లటి గోడ!

బ్రేకు మీద నిలబడ్డాడు. బండి కీచుమని మూలిగి, వెనక పెట్టెలన్నీ ధడేలుమని ముందుకి జరిగి, రోడ్డు పక్క మట్టిలోకి వెళ్ళి ఆగింది.

"పిన్నీ, ఎవడో దారికి అడ్డంగా గోడ కట్టేశాడు!"

"ఎక్కడ?"

"అదిగో, బంపరుకి రెండడుగుల దూరంలో!"

దిగాడు. రెండు చేతులూ ముందుకి చాచి గోడని తడుముదామని నడిచాడు. రెండడుగులు నడిచాడు, నాలుగు నడిచాడు, పదడుగులు నడిచాడు. గోడ కూడా మర్యాదగా అతనికంటే ముందు నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే ఎనిమిది లైట్లూ కళ్ళలో పొడిచాయి. తన లైట్లు తన మంచు మీద పడి తన మొహానికే తిరిగొచ్చి కొడుతున్నాయని, పన్నెండేళ్ళ డ్రైవరీలో మొదటిసారి, పట్టపగలుకి కాస్త అనుమానం కలిగింది. కానీ అనుమానం రావడం వేరు, పిన్ని ముందు ఒప్పుకోవడం వేరు.

ఈలోపు తొట్టివైపు నుంచి పిన్ని కేక వినిపించింది.

"జాలీ ఊడిందిరా! పెద్దమ్మ పెట్టె!"

అతను పరుగెత్తాడు. బ్రేకు కుదుపుకి పై వరసలోని పెట్టె జరిగి క్యాబిన్‌ని గుద్దుకుంది. ద్వారానికి బిగించిన జాలీ ఓ పక్కకి వేలాడుతోంది. ఈగలు బయటికొస్తున్నాయి. చలికి ఎగిరే ఓపిక లేక, ఒకదాని మీద ఒకటి పడి, క్యాబిన్ పైకప్పు మీదుగా పాక్కుంటూ, ఎక్కడికో కాదు, సరాసరి ఆ ఆరు లైట్ల మీదికి పోతున్నాయి. వెలుగుంది, వెచ్చదనముంది, ఇంకేం కావాలి?

మొదట ఎడమ కొసన లైటు కప్పేశాయి. వేల ఈగలు గుంపుగా గాజుని అంటిపెట్టుకుంటే ఆ లైటు గోధుమరంగు గడ్డం పెంచినట్టయింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ఒక్కో లైటూ మసకబారుతుంటే పట్టపగలు ప్రాణం ఒక్కో మెట్టూ దిగుతోంది.

"నా లైట్లు పిన్నీ!"

పిన్ని లైట్లని కాదు, రోడ్డుని చూస్తోంది. "ఒరేయ్, అటు చూడు."

అతను చూశాడు. నాలుగో లైటు కప్పేసేసరికి ఎదురుగా ఉన్న గోడ పల్చబడింది. అయిదోది కప్పేసేసరికి గోడలో చిరుగు పడింది. ఆరోదాని మీద చివరి ఈగ కాళ్ళు ముడుచుకుని సర్దుకునేసరికి నేలమీద ఒక తెల్లగీత మెల్లగా పైకి తేలింది. రోడ్డు అంచు గీత. వెలుగు తగ్గినకొద్దీ దారి పెరిగింది. పట్టపగలు నోరు తెరిచి, మూయడం మర్చిపోయి, లోపలికి చల్లగా మంచు పోతే దగ్గాడు.

"మీట దించు ముందు! గాజు వేడెక్కితే కాలిపోతాయి. నడిమి రెండిట్లో ఎడమ లైటు మీద చూడు, పెద్దమ్మ కూడా ఎక్కేసింది. ఆవిడెక్కడుంటే మిగతావీ అక్కడే. ఇక కదలవు."

పట్టపగలు పరుగెత్తుకెళ్ళి మీట దించాడు. తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది పాపం, అంత కాలమైంది కిందికి దిగి. నెత్తిమీది ఆరూ ఆరిపోయాయి. హెడ్‌లైట్లు తలొంచుకుని నేలని చూశాయి. ఇంకో పదడుగుల దారి బయటపడింది.

"ఆ కింద బురదలో ఉన్నవేంట్రా?" అంది పిన్ని.

"అవా... అవి ఫాగ్ లైట్లు."

"అంటే?"

"మంచులో వేసుకునేవి," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

పిన్ని అతన్ని ఎగాదిగా చూసింది. ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. మోకాళ్ళ మీద కూర్చుని బురద గీకుతున్నాడు. మొదటి వానాకాలం బురద ఊడింది, రెండోది ఊడింది, మూడోదానికి స్క్రూడ్రైవరు కావలసొచ్చింది. పిన్ని అటు వెనక్కి వెళ్ళి కొంగు తడిపి ఎర్ర లైట్లు తుడుస్తోంది.

"వెనకవి మనకేం దారి చూపిస్తాయి పిన్నీ?"

"మనం చూడ్డం ఒక్కటే అయితే సరిపోదురా. మనల్ని కూడా ఎవరైనా చూడాలిగా."

జాలీ మళ్ళీ బిగించారు. పసుప్పచ్చ లైట్లు వేశాడు. వాటి వెలుగు మంచు కిందినుంచి దూరి, నేలని పట్టుకుని, దుప్పటి కింద పిల్లిలా మెల్లగా పాకింది. అంచు గీత ముప్ఫై అడుగుల దాకా కనబడింది.

"ముప్ఫై అడుగులేనా!" అని నిట్టూర్చాడు.

"నీకు ఒక్కసారి ఎన్నడుగులు కావాలిరా? ఈ ముప్ఫై అయ్యాక ఇంకో ముప్ఫై వస్తాయి. నడు."

నడిచాడు. సైకిలు మీద పోయేవాడితో కబుర్లు చెప్పుకోగలిగేంత నెమ్మదిగా నడిచాడు. కిటికీ అద్దాలు దించి చెవి బయటపెట్టాడు. వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే ముక్కు అద్దానికి ఆనించి గీతనే చూశాడు. నెత్తిమీద పెద్దమ్మ పరివారం జుమ్మని సన్నగా పాడుతోంది. చిత్రమేమంటే, గుబులు పోయింది. ఆగకుండా పోతే ఎండ కంటే ముందే దిగుతామని లెక్క కూడా తేలింది.

కొండ దిగుతుండగా ఎదురుగా మంచులో ఓ పెద్ద తెల్లటి ముద్ద కనబడింది. హారన్ మోగింది. పాల ట్యాంకరు నడిపే మీసాల మామ. ఆ రోడ్డు మీద డ్రైవర్లకి ఒక ఆనవాయితీ ఉంది. ఎదురుపడితే హై బీమ్ రెండుసార్లు కొట్టాలి. రెండోవాడు తిరిగి రెండుసార్లు కొట్టాలి. కొట్టకపోతే మాటల్లేవు. మూడేళ్ళ కిందట ఒకడు తుమ్ము వచ్చి కొట్టలేకపోతే వాడి చెల్లెలి పెళ్ళికి సగంమంది డ్రైవర్లు వెళ్ళలేదు.

మీసాల మామ కొట్టాడు. ఒకటి, రెండు. పట్టపగలు కళ్ళముందు లోకమంతా తెల్లబడింది. అలవాటుగా చెయ్యి మీట మీదికి పోయింది.

పిన్ని మణికట్టు పట్టేసింది. "ఎత్తావంటే నడిమి లైటు మీద పెద్దమ్మ మాడిపోతుంది!"

"మామ ఏమనుకుంటాడు పిన్నీ? వీధిలో తలెత్తుకోలేను!"

"తలెత్తకు. గీత చూడు."

అతను తల దించి, ఎదుటి వెలుగుని వదిలేసి, తన వైపు అంచు గీత మీదే కళ్ళు పెట్టాడు. బండిని గీత వెంబడే ఆపినంత పని చేశాడు. ట్యాంకరు పక్కకొచ్చి ఆగింది. మీసాలు ముందు, మనిషి తర్వాత కిటికీలోంచి బయటికొచ్చారు.

"ఏరా పట్టపగలు! కరెంటు పోయిందా? సలాం కొడితే పలకవేం, పెద్దోడివైపోయావా?"

"మీట దించు మామా."

"ఏంటీ?"

"హై బీమ్ దించు. నా మాట విని ఒక్కసారి దించి చూడు."

మామ మీసం దువ్వుకుని, ఈ కుర్రకుంక తనకి చెప్పడమేమిటన్నట్టు మొహం పెట్టి, దించాడు. ముందుకి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"ఓరి నీ! రోడ్డు ఇక్కడే ఉందిరా! పొద్దుట్నించీ దీనికోసమే వెతుకుతున్నా!" అప్పుడు పైకి చూశాడు. "నెత్తిమీద అదేంట్రా, జుమ్మంటోంది?"

"మా పెద్దమ్మ."

మామ గభాల్న అద్దం ఎక్కించేసుకున్నాడు. లోపల్నుంచి చేత్తోనే రెండుసార్లు సలాం కొట్టి, నేలచూపుల లైట్లతో బుద్ధిగా వెళ్ళిపోయాడు.

తోట గేటు దగ్గరికి వచ్చేసరికి తూర్పు తెల్లబడుతోంది. మంచు అంచులు చినుగుతున్నాయి. ఇద్దరూ గబగబా పెట్టెలు దించారు. చెట్ల వరసల మధ్య ఒక్కోటీ పెట్టడం, జాలీ తీయడం. ఈగలు ద్వారం దగ్గరికొచ్చి, వాసన చూసి, పూత మీదికి లేచాయి. ముప్ఫై తొమ్మిదో పెట్టె తెరిచాక ఎండ చురుక్కున భుజం మీద పడింది. పిన్ని పెట్టెలన్నీ వేలితో చూపిస్తూ ఒకసారి ముందునుంచీ, ఒకసారి వెనకనుంచీ లెక్కపెట్టింది.

"ముప్ఫై తొమ్మిది," అంది. "ఆవిడొక్కతే."

నలభయ్యో పెట్టె ఖాళీగా ఉంది. దాన్ని నడిమి లైటు కింద పట్టుకుంది పిన్ని. బతిమాలింది, మెల్లగా పొగ పట్టింది, పక్షి ఈకతో నిమిరింది. పెద్దమ్మ ఒక కాలు కూడా తీయలేదు. లైటు చుట్టూ ఉన్న గుంపు ఇంకా గట్టిగా హత్తుకుంది.

"దానికి ఇదే నచ్చినట్టుందిరా. బలవంతంగా దులిపితే సగం చచ్చిపోతాయి. చీకటిపడే దాకా ఇక్కడే కూర్చోవాలి. అప్పటికీ దిగుతుందన్న నమ్మకం లేదు. నువ్వేమో సాయంత్రం బండి ఇంకోచోటికి తోలాలి."

పట్టపగలు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కడ్డీని చూశాడు. ఆరు లైట్లు. మూడేళ్ళు చిన్నచిన్నగా కూడబెట్టి ఒక్కోటీ బిగించుకున్నాడు. సీటు కిందినుంచి స్పానరు తీశాడు. అతను ముందు వైర్లు విప్పి, తర్వాత నాలుగు నట్లు విప్పి, ఈగలతో సహా కడ్డీని, నిద్రపోయే పసిబిడ్డని మోసినట్టు, రెండు చేతులా పట్టుకుని నలభయ్యో పెట్టె కోసం ఉంచిన స్టాండు మీద పెట్టాడు. ఒక్క ఈగ కూడా కుట్టలేదు. ఒకటి మాత్రం అతని ముక్కు మీద వాలి, కాసేపు చూసి, వెళ్ళిపోయింది.

"నలభై," అంది పిన్ని. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కొంగుకి ఇంకా వెనక లైట్ల మసి ఉండటంతో మొహమంతా నల్లగీతలు పడ్డాయి. "వచ్చే ఏడు కూడా నువ్వే తోలాలిరా."

"లైట్లు లేవుగా పిన్నీ."

"అందుకేగా."

ఆ సాయంత్రం పట్టపగలు వీధిలోకి మలుపు తిరిగితే ఎవరూ తల తిప్పలేదు. కోళ్ళు తమ మానాన తాము సర్దుకుంటున్నాయి. ఎదురింటావిడ తడి చొక్కా పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, ఇవాళ ఎలా ఆరుతాయి?" అని గొడవపడింది.

పది రోజుల తర్వాత పూత రాలాక పెట్టెలు తేవడానికి వెళ్ళారు. వైరు విప్పిన కన్నంలోంచి దూరి, నడిమి లైటు లోపల పెద్దమ్మ చక్కగా తెట్టె కట్టించుకుంది. గాజు తీసి చూస్తే వెలుగు పడ్డ చోటల్లా తేనె. పిన్ని వేలు ముంచి అక్క కొడుకు నోట్లో పెట్టింది. పిన్ని లెక్కప్రకారం ఆ ఏటి తేనె మొత్తంలో అదే తియ్యనిది. పట్టపగలు లెక్కప్రకారం కాస్త కరెంటు రుచి వచ్చింది.